"గివ్ మి" ఒప్పు, "ఎక్స్‌ప్లెయిన్ మి" తప్పు: ఎందుకు?

ప్రశ్న (కొత్తపాఠం)

"గివ్ మి ద బుక్" ఒప్పంటారు. అదే వరసలో ఉన్న "ఎక్స్‌ప్లెయిన్ మి ద ప్రాబ్లమ్" తప్పంటారు. రెండింట్లోనూ ముందు క్రియ, వెంటనే మనిషి, ఆ తర్వాత విషయం. అలాగే "టర్న్ ఆఫ్ ద లైట్" అనొచ్చు గానీ "టర్న్ ఆఫ్ ఇట్" అనకూడదట. "లుక్ ఆఫ్టర్ ఇట్" మాత్రం సరైనదేనట. సర్వనామం ఎక్కడ రావాలో, ప్రిపోజిషన్ ఎప్పుడు కావాలో తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా? లేక ప్రతి క్రియనీ బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు (క్రియాచట్రం)

కొంత బట్టీ తప్పదండి. అయితే క్రియను ఒంటరిగా కాకుండా దాని చట్రంతో, అంటే దాని వెంట ఏవి ఏ వరసలో వస్తాయో దానితో, కలిపి గుర్తుపెట్టుకుంటే పని చాలా తగ్గుతుంది.

గివ్, సెండ్, షో, టీచ్, లెండ్ లాంటి క్రియలకు రెండు చట్రాలున్నాయి. "గివ్ మి ద బుక్" ఒకటి, "గివ్ ద బుక్ టు మి" రెండోది. బై, మేక్, గెట్, ఫైండ్, కుక్ కూడా ఇంతే, కాకపోతే వీటి రెండో చట్రంలో "టు" బదులు "ఫర్" వస్తుంది: "బై ఇట్ ఫర్ మి". వస్తువు ఒకరి నుంచి ఇంకొకరికి చేరడమే క్రియ అర్థమైతే "టు", వాళ్ల కోసం పని చేసిపెట్టడమైతే "ఫర్".

ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్, మెన్షన్, ఇంట్రడ్యూస్, సే... వీటికి ఒక్కటే చట్రం. విషయం ముందు, మనిషి "టు" తర్వాత: "ఎక్స్‌ప్లెయిన్ ద ప్రాబ్లమ్ టు మి". "సజెస్ట్ మి ఎ బుక్" కూడా ఇందుకే తప్పు. "కెన్ యు సజెస్ట్ ఎ బుక్?" అంటే చాలు, ఎవరికో అర్థమవుతూనే ఉంటుంది.

కారణం కొంతవరకు చరిత్రలో ఉంది. రెండు చట్రాలున్నవి ఎక్కువగా పాత ఇంగ్లీషు నుంచి వచ్చిన చిన్న క్రియలు. లాటిన్, ఫ్రెంచి నుంచి వచ్చి, ఊనిక (స్ట్రెస్) రెండో అక్షరం (సిలబుల్) మీదో ఆ తర్వాతో పడేవి చాలావరకు ఒక్క చట్రానికే కట్టుబడ్డాయి. దీన్ని సూత్రంగా పట్టుకోకండి. "ప్రామిస్" ఫ్రెంచి నుంచి వచ్చినా "ప్రామిస్ మి" అనొచ్చు. "సే" అచ్చమైన పాత మాటే అయినా "సే మి" కుదరదు.

ఈ తేడా తెలియకపోతే పాసివ్‌లోనూ దెబ్బతింటాం. "ఐ వాజ్ గివెన్ ఎ బుక్" ఒప్పు. "ఐ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ ద ప్రాబ్లమ్" తప్పు, "ద ప్రాబ్లమ్ వాజ్ ఎక్స్‌ప్లెయిన్డ్ టు మి" అనాలి. ఆఫీసు ఉత్తరాల్లో తరచూ కనబడే తప్పు ఇది.

ఇంకొకటి. విషయం పొడవైతే "టు మి" ముందుకు జరుగుతుంది: "ఎక్స్‌ప్లెయిన్ టు మి వై ద మెషిన్ స్టాప్డ్". ముందుకు జరిగినా "టు" పోదు.

జవాబు (పదక్రమం)

"టర్న్ ఆఫ్" సంగతి వేరు. అక్కడి "ఆఫ్" ప్రిపోజిషన్ కాదు, క్రియకు అతుక్కున్న పార్టికిల్. తేల్చుకోవడానికి సర్వనామం తీసేసి నామవాచకం పెట్టి చూడండి. "టర్న్ ద లైట్ ఆఫ్" కుదురుతుంది, అంటే పార్టికిల్. అప్పుడు సర్వనామం మధ్యలోనే రావాలి: "టర్న్ ఇట్ ఆఫ్". "లుక్ ద చైల్డ్ ఆఫ్టర్" కుదరదు, అంటే ప్రిపోజిషన్. అప్పుడు సర్వనామం చివరే: "లుక్ ఆఫ్టర్ ఇట్".

ఒకే మాట రెండు పాత్రలూ వేస్తుంది. కోటు విషయంలో "పుట్ ఇట్ ఆన్", బస్సు విషయంలో "గెట్ ఆన్ ఇట్". కాబట్టి "ఆన్", "ఆఫ్", "అప్" జాబితాలు రాసుకుని లాభం లేదు, క్రియతో కలిపి పరీక్షించాల్సిందే.

చెవితో పోల్చుకునేవాళ్లకు ఊనిక కూడా సాయపడుతుంది. "టర్న్ ఇట్ ఆఫ్"లో "ఆఫ్" గట్టిగా పలుకుతుంది, "లుక్ ఎట్ ఇట్"లో "ఎట్" నలిగిపోతుంది. "ఆఫ్టర్" లాంటి రెండక్షరాల ప్రిపోజిషన్లకు మాత్రం ఈ గుర్తు నమ్మదగింది కాదు.

మూడు ముక్కల క్రియల్లో చివరిది ప్రిపోజిషనే, అందుకని సర్వనామం ఎప్పుడూ దాని తర్వాతే: "పుట్ అప్ విత్ ఇట్", "లుక్ ఫార్వర్డ్ టు ఇట్".

కొత్తపాఠం

నామవాచకం పరీక్ష బాగా ఉపయోగపడుతుంది, ధన్యవాదాలు. రెండూ సర్వనామాలైతే "గివ్ మి ఇట్" అనొచ్చా? "డిస్కస్ ఎబౌట్ ఇట్", "ఇన్‌ఫామ్ టు హిమ్" ఎందుకు తప్పు?

జవాబు (విభక్తి)

"గివ్ మి ఇట్" బ్రిటన్‌లో మాటల్లో వినబడుతుంది. రాతలో "గివ్ ఇట్ టు మి" వాడండి, ఎక్కడా అభ్యంతరం రాదు.

మిగతా రెండూ మన విభక్తుల ప్రభావం. "అతనికి తెలియజేశాను"లో "కి" ఉందని "టు" పెట్టేస్తాం. "ఇన్‌ఫామ్"కు మనిషే నేరుగా కర్మ, ప్రిపోజిషన్ విషయానికి వస్తుంది: "ఇన్‌ఫామ్ హిమ్ ఎబౌట్ ఇట్". "ఎక్స్‌ప్లెయిన్"కు ఇది సరిగ్గా తలకిందులు. ఈ గుంపులోనివి ఇంకొన్ని: "రిమైండ్ మి ఆఫ్ ఇట్", "ప్రొవైడ్ అజ్ విత్ ఇట్", "కంగ్రాచ్యులేట్ హర్ ఆన్ ఇట్", "అక్యూజ్ దెమ్ ఆఫ్ ఇట్".

దగ్గరి అర్థమున్న క్రియలైనా చట్రం మారొచ్చు. "స్టీల్"కు సొమ్ము కర్మ, "రాబ్"కు మనిషి కర్మ: "స్టోల్ ఇట్ ఫ్రమ్ హిమ్", "రాబ్డ్ హిమ్ ఆఫ్ ఇట్". "బ్లేమ్" అయితే రెండు రకాలుగానూ నడుస్తుంది, ప్రిపోజిషన్ మారుతుంది: "బ్లేమ్ హిమ్ ఫర్ ఇట్", "బ్లేమ్ ఇట్ ఆన్ హిమ్".

"డిస్కస్" క్రియగా ఉంటే ప్రిపోజిషన్ అక్కర్లేదు, "డిస్కషన్" అనే నామవాచకానికి కావాలి: "వి డిస్కస్డ్ ఇట్", "ఎ డిస్కషన్ ఎబౌట్ ఇట్". ఆ రెండూ కలిసిపోవడం తప్పుకు రెండో కారణం. "రిక్వెస్ట్", "ఆన్సర్" కూడా అంతే. క్రియగా "ఆన్సర్ ఇట్", నామవాచకంగా "ఏన్ ఆన్సర్ టు ఇట్".

కొత్త క్రియను నోటు పుస్తకంలో రాసుకునేటప్పుడు అర్థం ఒక్కటే రాయకండి. "ఎక్స్‌ప్లెయిన్ సమ్‌థింగ్ టు సమ్‌బడీ", "ఇన్‌ఫామ్ సమ్‌బడీ ఆఫ్ సమ్‌థింగ్" అని ఖాళీలతో సహా రాయండి. నేర్చుకునేవాళ్ల కోసం వేసే నిఘంటువుల్లో ఈ చట్రాలు ఉంటాయి.

జవాబు (పదక్రమం)

ఒకటి చేర్చాలి. ప్రిపోజిషన్ తర్వాత సర్వనామం కర్మ రూపంలోనే ఉండాలి, ఇద్దరిని కలిపి చెప్పినా సరే. "ఫర్ హిమ్ అండ్ ఐ" తప్పు, రెండో మనిషిని ఒక్కణ్నే ఉంచి "ఫర్ ఐ" అని చదివితే తెలిసిపోతుంది. "బిట్వీన్ యు అండ్ మి" కూడా ఈ లెక్కే. చోటు చెప్పే ప్రిపోజిషన్ల తర్వాత సాధారణంగా "సెల్ఫ్" అక్కర్లేదు: "టేక్ ఇట్ విత్ యు". "షి లుక్డ్ ఎట్ హర్‌సెల్ఫ్"లో మాత్రం తప్పనిసరి, "ఎట్ హర్" అంటే ఇంకొకావిడను చూసిందని అర్థం.