అకౌంట్స్‌కు సరళీ స్వరాలా? బీకాం, బీబీఏ సబ్జెక్టులకు సంగీతం జోడిద్దాం రండి

గోల్కొండ_గమకం
దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల సైట్) వెబ్ ఆప్షన్లు పెట్టే కాలం. బీకాం, బీబీఏలో ఏ సబ్జెక్టు స్వభావం ఏమిటో పిల్లలకు అంతుపట్టదు. పాటతో చెబితే పడుతుందని ఈ పట్టిక వేశాను. తప్పుంటే దిద్దండి.
అకౌంటింగ్: సరళీ స్వరాలు, కర్ణాటక సంగీతంలో మొదటి పాఠం. రాసి ఉన్నది రాసి ఉన్నట్టు, మూడు కాలాల్లో (వేగాల్లో).
ఫైనాన్స్: గజల్. ప్రతి షేర్ (రెండు పాదాల పద్యం) దానంతట అది నిలబడుతుంది, ఒకటి తేలిపోయినా గజల్ పడిపోదు. పోర్ట్‌ఫోలియో, అంటే కలిపి పెట్టుకున్న పెట్టుబడులూ అంతే.
మార్కెటింగ్: మర్ఫా. గట్టిగా కొడితే వీధంతా తిరిగి చూడాలి.
హెచ్ఆర్: ఖవ్వాలీ. వెనక వంత, చప్పట్లు కుదరకపోతే ముందు పాడేవాడు ఎంతటివాడైనా పైకి వెళ్లలేడు.
సప్లై చైన్‌కు ఏదీ తట్టలేదు.

లెడ్జర్_రాగం
ఫైనాన్స్‌కు గజల్ ఇచ్చి అకౌంట్స్‌కు పాఠం మొదటి రోజు స్వరాలు ఇచ్చారు. ఒప్పుకోను. సరళీ స్వరాలు చూసి పాడితే సరిపోతుంది, ఖాతా అలా కాదండీ. ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నిటి డెబిట్, క్రెడిట్ పట్టీ) రెండు వైపులా కుదిరినా తప్పులు లోపలే ఉండొచ్చు. ఎంట్రీ అసలు వేయకపోవడం, ఒకరి ఖాతాలోది ఇంకొకరికి వేయడం, మెషీను కొని రిపేరు ఖర్చుగా రాయడం, ఒక తప్పు ఇంకో తప్పును కప్పేయడం. కుదరకపోతేనే నయం, దారి దొరుకుతుంది. తేడా 9తో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి: 5,400 బదులు 4,500 పడితే తేడా 900. అది కాకపోతే తేడాను సగం చేసి ఆ మొత్తం కోసం వెతకాలి, ఎందుకంటే డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడితే తేడా రెట్టింపై కనిపిస్తుంది. అపస్వరం ఎక్కడ పడిందో పట్టుకునే చెవి కావాలి దీనికి.

బర్కాస్_బీట్
గమకం అన్నా, మర్ఫా అంటే గట్టిగ కొట్టుడు అని రాసినవ్. గట్ల కాదు. నిజాం ఫౌజుల పనిచేసిన అరబ్బులు, సిద్దీలు తెచ్చిన వాద్యం అది. మర్ఫా, డఫ్, ఢోలు, స్టీలు బిందె, ఒక్కోదానికి ఒక్కో పని. ఒకటి నడక పట్టుకుంటది, మిగిలినయి దానికి జవాబిస్తయి. మొదట్లనే స్పీడు పెంచితే ఆడేటోళ్లు పది నిమిషాలకే కూసుంటరు. మార్కెటింగ్ల గూడ అంతే. మొదటి వారమే 40 శాతం డిస్కౌంట్ ఇచ్చినవంటే తర్వాత అసలు ధరకు ఎవడు కొనడు.

హుండీ_వడ్డీ
గజల్ పోలిక సగమే కరెక్టు. గజల్‌లో షేర్లన్నిటికీ బహర్ (ఛందస్సు) ఒకటే, రదీఫ్ (చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట) ఒకటే. అంటే అన్నిటినీ కలిపి ఊపే దారం ఒకటుంది. ఇక మార్కెట్లో రెండు కంపెనీల షేర్లు, ఒక్కోదాని ఒడిదుడుకు 20 శాతం, చెరి సగం పెట్టాం అనుకోండి. వాటి మధ్య పొత్తు (కోరిలేషన్, రెండూ కలిసి కదిలే తీరు) సున్నా అయితే మొత్తం మీద 14.1 శాతానికి దిగుతుంది. పొత్తు పూర్తిగా 1 అయితే 20 దగ్గరే ఉంటుంది, రెండు కొన్నా ఒకటి కొన్నట్టే. బహర్ చెడితే గజల్ మొత్తం చెడుతుంది. మార్కెట్ రిస్క్ అదే, ఎన్ని షేర్లు కలిపినా పోదు.

గోల్కొండ_గమకం
హుండీ గారూ, బహర్ సంగతి బాగుంది, చేర్చుకుంటాను. బీట్ తమ్ముడూ, "గట్టిగా" తీసేశాను. లెడ్జర్ గారూ, మీరు చెప్పిందంతా తప్పు పట్టే పని. అది కాదనను. అకౌంటెంటుకు మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా అల్లే పని, ఎక్కడుందో చెప్పండి.

మలక్‌పేట_మాల్
సప్లై చైన్‌కు మృదంగం ముక్తాయింపు (జతిని మూడుసార్లు వాయించి ముగించడం) రాయండి. ఆది తాళం రెండావర్తాలు 64 మాత్రలు. 14 మాత్రల జతి మూడుసార్లు వాయిస్తే 42. సమానికి (తాళం మొదటి దెబ్బకు) సరిగ్గా దిగాలంటే 22 మాత్రలు ఆగి ఎత్తుకోవాలి, లెక్కంతా చివరి నుంచి వెనక్కి. సరుకూ అంతే. రోజుకు 40 పీసులు పోతాయి, ఆర్డరు రావడానికి 6 రోజులు, చేతిలో ఉండాల్సినవి 80. స్టాకు 320కి దిగిన రోజే ఆర్డరు పెట్టాలి. అల్మారా ఖాళీ అయ్యాక పెట్టేవాడికి తాళం తప్పినట్టే.

లెడ్జర్_రాగం
మనోధర్మం అడిగారు, తీసుకోండి. ఒక పార్టీ నుంచి 40 లక్షలు రావాలి, గడువు దాటి 120 రోజులైంది. రాని బాకీ కింద 10 శాతం పక్కన పెట్టాలా, 30 శాతమా? లాభంలో తేడా 8 లక్షలు. ఏ పుస్తకమూ ఇదీ అని అంకె ఇవ్వదు. ఆ పార్టీ ఇంతకుముందు ఎలా కట్టాడు, మార్చి 31 తర్వాత ఏమైనా జమైందా, ఆ వ్యాపారం ఎలా ఉంది, ఇవన్నీ చూసి నిర్ణయించాలి. ఎందుకలా నిర్ణయించామో కాగితం మీద రాయాలి. రాగం హద్దులో ఉంటూ అప్పటికప్పుడు అల్లే కల్పన స్వరం ఇదే.

గోల్కొండ_గమకం
హైదరాబాదులో ఉండి ఈ మాట అనడం నాకు బాధగా ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ తప్పు ఒప్పుకున్న లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనేలేవు. ఆ పుస్తకాల్లో కూడా రెండు వైపులూ కుదిరాయి. లెక్కల్లో స్వేచ్ఛ ఉందని పిల్లలకు నేర్పితే చివరికి అక్కడికే చేరతారు.

లెడ్జర్_రాగం
అంటే అకౌంటెంటు బుర్ర వాడితే దొంగ, వాడకపోతే యంత్రం. బీకాం అనగానే "ఇంజనీరింగ్ సీటు రాలేదా" అని అడిగే ఊళ్లో మీరు ఇంకో రాయి వేశారు. ఆ 5,040 కోట్లు మనోధర్మం కాదు. మాయామాళవగౌళలో కూర్చుని చతుశ్రుతి రిషభం పట్టుకోవడం. అది అల్లిక కాదు, రాగంలో లేని స్వరం. పట్టుకునే దారీ ఉంది. బ్యాంకు నిల్వ ఎంతో అడిగే లేఖను ఆడిటరే పంపాలి, జవాబు బ్యాంకు నుంచి నేరుగా ఆయనకే రావాలి, మధ్యలో కంపెనీ చెయ్యి తగలకూడదు. ఆడిట్ ప్రమాణం ఎస్ఏ 505 చెప్పేది అదే. బాకీ మీద నిర్ణయానికి ఆధారం చూపించవచ్చు, లేని డబ్బుకు చూపించలేరు.

బర్కాస్_బీట్
ఇద్దరు ఒక్కటే మాట అంటున్నరు గదా, హద్దు దాటొద్దని.

గోల్కొండ_గమకం
ఒకటే కాదు తమ్ముడూ. నా గొడవ పద్దెనిమిదేళ్ల పిల్లల గురించి. జర్నల్ ఎంట్రీ సరిగా రానివాడికి ముందు "నిర్ణయం నీదే" అని చెప్పకూడదు. స్వరస్థానం నిలవక ముందు కల్పన స్వరం వేయిస్తే గొంతు పాడవుతుంది.

లెడ్జర్_రాగం
నా గొడవా వాళ్ల గురించే. ఇది యాంత్రికమైన పని అని మీరు పట్టికలో రాస్తే, ఆలోచన ఉన్న పిల్లలు ఇటు రారు. వచ్చినవాళ్లు ట్యాలీలో బటన్లు నొక్కడమే అకౌంట్స్ అనుకుంటారు. అడగాల్సిన చోట అడగరు. బ్యాంకు లేఖ కంపెనీ చేతిమీదుగా వచ్చినా ఫైల్లో పెట్టేస్తారు.

హుండీ_వడ్డీ
వర్ణం రాయండి. నేర్చుకునేవాడూ పాడతాడు, కచేరీ మొదట్లో విద్వాంసుడూ పాడతాడు. అంతా కట్టి ఉన్నదే, అయినా రాగం మొత్తం అందులో ఉంది.

లెడ్జర్_రాగం
మొదటి రెండేళ్లకు వర్ణం ఒప్పుకుంటాను. ఆడిటింగ్ పేపరు మొదలయ్యాక చాలదు. అక్కడ కల్పన స్వరం అని రాయండి.

గోల్కొండ_గమకం
సరళీ స్వరాలు కొట్టేసి వర్ణం అని మార్చాను. సప్లై చైన్‌కు ముక్తాయింపు చేర్చాను. అకౌంట్స్ మూడో ఏడు గడి మాత్రం ఖాళీగా ఉంచాను.