అడవి బాగుందని దేన్ని చూసి చెప్పాలి? నీడా, చెట్ల సంఖ్యా, బరువా?

గిద్దలూరు కుర్రోడు:
2021 అటవీ నివేదిక ప్రకారం దేశంలో అడవి ఎక్కువగా పెరిగింది ఆంధ్రలోనే, 647 చదరపు కిలోమీటర్లు. తర్వాత తెలంగాణ, 632. మా నల్లమల అంచున నాకైతే ఆ సంబరం కనిపించలేదు. వాళ్ల శాటిలైట్ లెక్కలో హెక్టారు, అంతకు మించిన నేల మీద కొమ్మల నీడ పది శాతం ఉంటే చాలు, అది అడవే. జామాయిల్ తోటైనా, మామిడి తోటైనా ఒకటే. అందుకే ఈ శాటిలైట్ లెక్క పక్కన పెట్టి, హెక్టారుకు ఎన్ని చెట్లు, ఎన్ని టన్నుల బయోమాస్ (అంటే చెట్ల బరువు) అన్నదే చెప్పాలంటాను. ఒప్పుకుంటారా?

పటాల పిచ్చోడు:
ఒప్పుకోను తమ్ముడూ. దేశమంతా టేపు పట్టుకుని తిరిగేదెవరు? పైగా ఇప్పుడు శాటిలైట్ అంటే ఒట్టి ఫొటో కాదు. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్‌లో 24 సెంటీమీటర్ల రాడార్ తరంగాలున్నాయి. అవి ఆకుల్ని దాటి కొమ్మల దాకా, మాను దాకా వెళ్తాయి. బరువు కూడా పైనుంచే అంచనా వేయొచ్చు.

టేపు పట్టినోడు:
అన్నా, ఆ తరంగాలు హెక్టారుకు దాదాపు వంద టన్నులు దాటాక తేడా పట్టలేవు. చిక్కటి అడవి, ఇంకా చిక్కటి అడవి రెండూ దానికి ఒకేలా కనిపిస్తాయి. ఆ అంచనా సరిచూసుకోవడానికైనా నేల మీద కొలతలు కావాల్సిందే.

నేను ఒక పరిశోధక బృందం వెంట రెండు సీజన్లు కూలికి తిరిగాను. 31.62 మీటర్ల భుజంతో తాడు కట్టి చదరం గీస్తే హెక్టారులో పదో వంతు. అందులో 30 సెంటీమీటర్ల చుట్టుకొలత దాటిన ప్రతి మానుకూ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో టేపు చుట్టాలి. వాలు మీదుంటే ఎగువ వైపు నిలబడి కొలవాలి. ఆ ఎత్తుకంటే కిందే పంగ చీలితే రెండు చెట్లుగా రాయాలి. కొలిచిన మానుకు సుద్దగీత పెట్టకపోతే మధ్యాహ్నానికి అదే చెట్టును మళ్లీ కొలుస్తాం (కొలిచాం కూడా, తిట్లు తిన్నాం).

ఒక చదరంలో 118 మానులొచ్చాయి, అన్నీ తొడ లావు కూడా లేనివే. ఇంకోదాంట్లో 34, కానీ వాటిలో రెండు నల్లమద్దులు చేతులకు అందనంత లావు. సంఖ్య చూస్తే మొదటిది గొప్ప. బరువు చూస్తే రెండోది, ఎందుకంటే ఎత్తు మారకపోయినా చుట్టుకొలత రెండింతలైతే బరువు దాదాపు నాలుగింతలవుతుంది. జాతిని బట్టి కూడా మారుతుంది. అంతే లావున్న బూరుగ నల్లమద్దిలో సగం తూగదు.

అసలు సంగతి ఏంటంటే, ఆ 34 చెట్ల కింద ఒక్క పిల్లమొక్క లేదు. మొత్తం లాంటానా కంప. పెద్ద చెట్లు పడిపోతే వాటి చోట లేచేది ఏదీ లేదు. ఆ ముక్క నీ టన్నుల్లోనూ రాదు, అన్న రాడార్‌లోనూ రాదు. ఏ లావు మానులెన్ని, పిల్లమొక్కలెన్ని అని విడివిడిగా రాస్తేనే బయటపడుతుంది.

భద్రాచలం రైతు:
మధ్యలో జామాయిల్‌ని తిట్టడం ఎందుకండీ? నాలుగేళ్లకు నరికి అమ్ముకునే పంట మాది. అడవి అని రాసుకుంటే రేపు నరకనిస్తారా అని నా టెన్షన్.

పటాల పిచ్చోడు:
ఆ భయం అక్కర్లేదండీ, ఆ లెక్క నీడకే, హక్కుకు సంబంధం లేదు. రికార్డుల్లోని అటవీ భూమిని అదే నివేదికలో వేరుగా చూపిస్తారు. అయితే ఒకటి ఒప్పుకుంటా: నాలుగేళ్లకోసారి మాయమయ్యే నీడనూ నల్లమద్ది నీడనూ ఒకే మొత్తంలో కలిపి హెడ్డింగ్ పెట్టడం తప్పే.

గిద్దలూరు కుర్రోడు:
టన్నులు చాలనుకున్నా, పిల్లమొక్కల సంగతి నాకు తట్టలేదు. వానలు వెనకపట్టాక మా వైపు రెండు చదరాలు వేద్దామా అన్నా? టేపు నేను తెస్తా.

టేపు పట్టినోడు:
ముందు పర్మిషన్ సంగతి చూడు, అది టైగర్ రిజర్వు. సుద్ద మాత్రం రెండు డబ్బాలు తే.