టిప్పర్లు తిరిగే రోడ్డు పక్కన రిటైనింగ్ వాల్: సర్చార్జి ఎంత పట్టాలి?

ప్రశ్న:
చిత్తూరు దగ్గర గ్రానైట్ క్వారీ రోడ్డు పక్కన మట్టిని ఆపే ఆర్‌సీసీ కాంటిలివర్ గోడ, స్టెమ్ (నిలువు భాగం) 4 మీటర్లు. టిప్పర్ చక్రం గోడకు మీటరు దూరం దాకా వస్తుంది. డిజైన్‌లో సర్చార్జి (గోడ వెనక మట్టి మీద పడే అదనపు బరువు) చదరపు మీటరుకు 5 కిలోన్యూటన్లే వేశారు. మట్టి తోపు ముందు బండ్ల బరువు ఎంతలే అంటున్నారు. సరేనా?

జవాబు 1:
ఒప్పుకోకండన్నా. వంతెనల లోడ్ల కోడ్ ఐఆర్‌సీ 6, అబట్‌మెంట్లకు (వంతెన చివర ఆధార గోడలు), రిటర్న్ వాల్స్‌కు (వాటి పక్క గోడలు) 1.2 మీటర్ల మట్టితో సమానమైన సర్చార్జి పట్టమంటుంది. రోడ్డు గోడకూ అదే వేస్తాం. మట్టి ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లయితే సర్చార్జి చదరపు మీటరుకు 21.6. ఫై (మట్టి ఘర్షణ కోణం) 30 డిగ్రీలకి దాంట్లో మూడో వంతు, అంటే 7.2, పైనుంచి కిందిదాకా ఒకేలా తోస్తుంది.

గోడ మీటరు పొడవుకి మట్టి తోపు 48 కిలోన్యూటన్లు, అడుగు నుంచి 1.33 మీటర్ల ఎత్తున, మూమెంట్ (గోడను అడుగు దగ్గర వంచే ప్రభావం) 64 కిలోన్యూటన్ మీటర్లు. బండ్ల తోపు 28.8 మాత్రమే, కానీ సగం ఎత్తున పనిచేస్తుంది కాబట్టి మూమెంట్ 57.6. మీ 5తో వచ్చేది 13.3. అంటే 121కి కావలసిన చోట 77కే స్టీలు కడుతున్నారు. ఇంకా 1.5 భద్రతా ఫ్యాక్టర్ వేయకముందు సంగతి ఇది.

జవాబు 2:
పై లెక్క కరెక్టే. స్టెబిలిటీ (గోడ నిలకడ) లెక్కలో ఇంకో తిరకాసుంది. హీల్ (బేస్‌లో వెనక మట్టి కిందికి వెళ్లే భాగం) మీద నిలిచిన బండి బరువు గోడను నిలబెడుతుంది కూడా. స్లైడింగ్ (జారడం), ఓవర్‌టర్నింగ్ (బోర్లాపడటం) చూసేటప్పుడు దాన్ని తీసేయండి. బండి హీల్ దాటి వెనక ఉందనుకోండి. టో (బేస్ ముందు కొన) కింద బేరింగ్ ప్రెషర్ (నేల మీద ఒత్తిడి) చూసేటప్పుడు మాత్రం కలపాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒకే లోడ్ కేసు పెట్టి రెండూ తేల్చేస్తుంటారు, అక్కడే దెబ్బ.

ప్రశ్న అడిగినవారు:
రోడ్డును లోపలికి జరిపితే సర్చార్జి వదిలేయొచ్చా సార్?

జవాబు 2:
ఎంత జరుపుతారన్నదాన్ని బట్టి. బేస్ మందం 400 మిల్లీమీటర్లనుకుంటే హీల్ చివర అడుగు నుంచి నేలతో 60 డిగ్రీల గీత వెనక్కి గీయండి. అది పైకి తేలేది హీల్ చివర నుంచి సుమారు 2.5 మీటర్లు వెనక. కొలత స్టెమ్ నుంచి కాదు, హీల్ చివర నుంచి. చక్రం ఆ గీత లోపలుంటే వదలకూడదు.

జవాబు 3:
ఫిల్లింగ్ సంగతి కూడా రాసుకోండి. సైటులో తవ్విన ఎర్రమన్ను జిగటగా ఉంటే ఫై 30 రాదు, గ్రావెల్ తెప్పించాల్సిందే. గోడ వెనక 600 మిల్లీమీటర్ల ఫిల్టర్, మీటరుకొకటి వీప్ హోల్ (నీళ్లు బయటికి పోయే రంధ్రం). నవంబరు వానలకు నీళ్లు పైదాకా నిలిస్తే ఒక్క నీటి తోపే 78 కిలోన్యూటన్లు దాటుతుంది, టిప్పర్లకంటే అదే పెద్దది. పెద్ద రోలర్‌ను గోడ వెంట తిప్పనివ్వొద్దు. గోడ పక్క మీటరున్నర మేర ప్లేట్ కాంపాక్టర్‌తో, 150 మిల్లీమీటర్ల పొరలుగా దిమ్మిస కొట్టించండి.