అమ్మానాన్నలతో డాన్యూబ్ మీద ఒక వారం, ఆ తర్వాత రైలు: సలహా కావాలి

న్యూరెంబర్గ్ నుంచి:

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను జర్మనీకి వచ్చి అయిదు నెలలైంది. అమ్మానాన్నలు వచ్చే మే నెలలో మొదటిసారి ఇక్కడికి వస్తున్నారు. నాన్నకు 68, అమ్మకు 62. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు. అందుకే పస్సావ్‌లో ఎక్కి బుడాపెస్ట్‌లో దిగే ఏడు రాత్రుల రివర్ క్రూజ్ చూస్తున్నాను. అక్కడి నుంచి రైల్లో వియన్నా, సాల్జ్‌బర్గ్ చూపించి ఇంటికి తీసుకురావాలని ఆశ. ఓడ దిగేది ఉదయం 9కి. 9:40కి వియన్నా రైలుంది, టికెట్ చాలా చవగ్గా వస్తోంది. ఓడ, రైలు రెండూ నాకు కొత్తే. బుక్ చేసే ముందు ఏమేం చూసుకోవాలి? కొంచెం టెన్షన్‌గా ఉంది.

లింట్స్ నుంచి:

తమ్ముడూ, ముందు ఆ 9:40 టికెట్ కొనకు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

2024 సెప్టెంబరులో మా అత్తయ్య, మామయ్య సరిగ్గా నువ్వు అనుకుంటున్న ప్రయాణమే చేశారు. టికెట్లన్నీ నేనే కొన్నాను, ఓడ దిగిన గంటలో రైలు ఉండేలా. బుడాపెస్ట్ నుంచి వియన్నాకు ఒకటి, అక్కడి నుంచి సాల్జ్‌బర్గ్‌కు ఒకటి, అన్నీ విడివిడిగా, అన్నీ డబ్బు వాపసు రాని చవక టికెట్లు. సెప్టెంబరు మధ్యలో ఇక్కడ కుండపోత వానలు పడి డాన్యూబ్ పొంగింది. నది మీద రాకపోకలు ఆపేశారు. వాళ్ల ఓడ వియన్నా రేవులోనే కట్టేసి ఉండిపోయింది. ఓడవాళ్లు భోజనం, పడక అన్నీ బాగానే చూసుకున్నారు, బస్సుల్లో ఊళ్లు చూపించారు. కానీ బుడాపెస్ట్ చేరలేదు, నేను కొన్న టికెట్లన్నీ పోయాయి. సరే, వియన్నా నుంచి నేరుగా మా ఊరికి రైలెక్కిద్దామంటే, వియన్నాకు పడమటి వైపున్న కొత్త రైలు మార్గం కూడా వరదలో మునిగింది. ఆ మార్గం మళ్లీ తెరిచింది డిసెంబరులోనే. పాత మార్గంలో కొద్ది రైళ్లు, విపరీతమైన రద్దీ. పెద్దవాళ్లిద్దరూ పెట్టెల మీద కూర్చుని వచ్చారు. నాకు ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది.

అందుకని చెబుతున్నాను. ఓడకూ రైలుకూ మధ్య ఒక రాత్రి ఉండాలి. ఓడ ఎప్పుడు చేరుతుందన్నది నది చేతిలో ఉంటుంది. కంపెనీ కాగితాల్లో కూడా నీటిమట్టాన్ని బట్టి దారి మార్చే హక్కు వాళ్లదేనని రాసి ఉంటుంది, చదువుకో. నీళ్లు ఎక్కువైతే ఓడ వంతెనల కింద పట్టదు, తక్కువైతే అడుగు తగులుతుంది. అప్పుడు బస్సులో వేరే ఊరికి తీసుకెళ్లి, అక్కడున్న ఇంకో ఓడలోకి మారుస్తారు.

ఇక వీసా. అమ్మానాన్నలు ఎక్కువ రోజులు నీ దగ్గరే ఉంటారు కాబట్టి జర్మనీ వీసాకే వెయ్యాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వెయ్యొచ్చు. ఫీజు తలకు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీపీ, షుగర్ లాంటివి ఉంటే పాత జబ్బులకు ఆ బీమా వర్తిస్తుందో లేదో చూసే తీసుకో. నువ్వు చెప్పిన దారిలో జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేకియా, హంగరీ, నాలుగూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగొచ్చు. బాధ లేదు. కానీ అదే కంపెనీలు బెల్‌గ్రేడ్ దాకా వెళ్లే ఓడలు కూడా అమ్ముతాయి. సెర్బియా షెంగెన్‌లో లేదు. సింగిల్ ఎంట్రీ వీసాతో అక్కడికి వెళితే తిరిగి లోపలికి రాలేరు. ధర తక్కువని ఆ ఓడ ఎక్కించకు. నీ రెసిడెన్స్ కార్డు ఇంకా చేతికి రాకపోతే, వచ్చాకే ఓడ బుక్ చెయ్యి.

ఎక్కే చోటు కూడా కనుక్కో. పస్సావ్ అని రాసినా కొన్ని ఓడలు ఊరి నడుమ కాకుండా లిండావ్ రేవు నుంచి, ఇంకొన్ని దిగువన ఆస్ట్రియాలో ఉన్న ఎంగెల్‌హార్ట్స్‌సెల్ నుంచి బయల్దేరతాయి. పస్సావ్ నుంచి బస్సు పెడతారు, అది తప్పితే కష్టం. ఆ రోజు మధ్యాహ్నానికల్లా పస్సావ్‌లో ఉండండి. డాన్యూబ్, ఇన్, ఇల్స్ మూడు నదులూ కలిసే ఊరు అది. మూడు నీళ్లూ మూడు రంగుల్లో ఉంటాయి.

ఒక్క మాట మాత్రం నమ్మకంగా చెప్పగలను, పెద్దవాళ్లకు ఇంతకంటే మంచి ప్రయాణం లేదు. పెట్టె ఒక్కసారే విప్పుతారు. ఊళ్లే వాళ్ల దగ్గరికి వస్తాయి. మా మామయ్యది అమలాపురం దగ్గర పల్లె, గోదావరి కాలువల పక్కనే పెరిగారు. మొదటి రాత్రి యోహెన్‌స్టైన్ దగ్గర, ఓడను కింది నీటిమట్టానికి దించే లాకులో ఓడ ఆగితే శాలువా కప్పుకుని పైకి వెళ్లారట. ఓడ లాకు గోడను ఆనుకుని నిలబడింది, నీళ్లు మెల్లగా దిగుతున్నాయి, తడి గోడ తలకంటే పైకి లేచిపోతోంది. ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూసి, ‘ఇవి మన లాకులేనమ్మా, కాకపోతే ఊరంత లాకులు’ అని రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేశారు. ఆ తర్వాత ఒక్క లాకు కూడా వదల్లేదు. ఒడ్డున కిలోమీటర్ల బోర్డులుంటాయి. డాన్యూబ్‌ను సముద్రం దగ్గర్నుంచి వెనక్కి కొలుస్తారు కాబట్టి దిగువకు వెళ్లేకొద్దీ అంకె తగ్గుతుంది. పస్సావ్ 2,226, వియన్నా 1,929, బుడాపెస్ట్ 1,647. ఓడ ఆగిపోయిన వియన్నా దాకా ఉన్నవన్నీ డైరీలో రాసుకున్నారు. నాన్నగారికి ఒక చిన్న నోట్‌బుక్ కొనిపెట్టు.

బాజెల్ నుంచి:

బాబూ, లింట్స్ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. నేను రైన్ నది ఒడ్డున ఉంటాను, ఇక్కడ ఎక్కువగా ఉండే గొడవ నీళ్లు చాలకపోవడం. కౌబ్ అనే చోట నది లోతు తక్కువ. 2018 శరదృతువులో అక్కడి నీటిమట్టం కొలబద్ద మీద అంకె 25 సెంటీమీటర్లకు పడిపోయింది. 2022 ఆగస్టులో మళ్లీ అదే అవస్థ. డాన్యూబ్ మీద పస్సావ్‌కు ఎగువన స్ట్రౌబింగ్, ఫిల్స్‌హోఫెన్ ఊళ్ల మధ్య అలాంటి చోటుంది. మీరు పస్సావ్ నుంచి దిగువకు వెళుతున్నారు కాబట్టి ఆ ముక్క తప్పుతుంది, మంచి ఎంపిక. మే నెలలో ఆల్ప్స్ మంచు కరిగి నీళ్లుంటాయి. ఆగస్టు, సెప్టెంబరు కంటే నయం.

గది గురించి కొంచెం. అన్నిటికంటే కింది అంతస్తు చవక, కానీ కిటికీ నీటికి కాస్త పైన ఉంటుంది, తెరుచుకోదు. పైగా చాలా ఓడల్లో లిఫ్టు ఆ అంతస్తుకు వెళ్లదు. ఎండ పడే పై డెక్‌కి కూడా మెట్లే. మీ అమ్మగారి మోకాళ్లకు మధ్య అంతస్తు తీసుకోండి. లిఫ్టు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతుందో ముందే రాసి అడగండి. వెనక చివర గదులు వద్దు, ఇంజను చప్పుడు. ‘ఫ్రెంచ్ బాల్కనీ’ అంటే బాల్కనీ అనుకోకండి. తలుపు తెరుచుకుంటుంది, రెయిలింగ్ ఉంటుంది, నిలబడే చోటు ఉండదు. రేవుల్లో ఓడలను ఒకదాని పక్కన ఒకటి కడతారు, అప్పుడు కిటికీ తెరిస్తే పక్క ఓడ కిటికీయే కనిపిస్తుంది. ఒడ్డుకు వెళ్లాలంటే ఆ ఓడలోంచి దాటి వెళ్లాలి, రెండు మూడు మెట్లు ఎక్కి దిగాలి. అమ్మగారికి ఇది ముందే చెప్పి ఉంచండి.

ఇంకొకటి. జర్మన్ కంపెనీల ఓడలు నేను చూసినంతలో బాగా చవక, కానీ ఓడలో మాటలన్నీ జర్మన్‌లోనే. అమ్మానాన్నలతో నువ్వు ఉంటావు కాబట్టి పర్వాలేదు. వాళ్లిద్దరినే పంపేటట్లయితే మాత్రం ఇంగ్లీష్ మాట్లాడే ఓడే తీసుకో, డబ్బు చూడకు.

వియన్నా నుంచి:

రైళ్ల సంగతి నేను చెబుతాను, వారానికి రెండుసార్లు అదే దారిలో తిరుగుతుంటాను.

బుడాపెస్ట్ కెలెటి స్టేషన్ నుంచి వియన్నాకు గంటకో రైల్‌జెట్ (వేగం రైలు) ఉంది, సుమారు రెండు గంటల నలభై నిమిషాలు. వియన్నా నుంచి సాల్జ్‌బర్గ్‌కు రెండున్నర గంటల లోపే. ఇంత కొద్ది ప్రయాణానికి రైలు పాస్ దండగ. ఎవరైనా ఇంటర్‌రైల్ పాస్ కొనమంటారు. అది యూరప్‌లో ఉండేవాళ్లకు, అంటే నీకు. అమ్మానాన్నలకు యూరైల్ కొనాలి. రెండూ వేరు, కలిపి కొనలేవు. నీ దగ్గర జర్మనీ టికెట్ (డాయిచ్‌లాండ్‌టికెట్ అనే నెలవారీ పాస్) ఉంటే అది సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా ప్రాంతీయ రైళ్లలో చెల్లుతుంది, కాబట్టి సాల్జ్‌బర్గ్ నుంచి ఇంటికి నీకు వేరే టికెట్ అక్కర్లేదు. కాకపోతే అమ్మతో నెమ్మది రైళ్లలో మారుతూ రావడం మంచిది కాదు, ముగ్గురూ వేగం రైలే ఎక్కండి.

చవక టికెట్ ఆ ఒక్క రైలుకే కట్టుబడి ఉంటుంది. ఒకే టికెట్ మీద కొన్న ప్రయాణంలో మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి రైలు ఎక్కే హక్కుంది. విడివిడిగా కొంటే లేదు. మొత్తం మీద గంట ఆలస్యమైతే టికెట్ ధరలో పావు వంతు, రెండు గంటలైతే సగం తిరిగి ఇస్తారు. అడగాలి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

సీటు రిజర్వేషన్ విడిగా ఉంటుంది, టికెట్ కొంటే సీటు వచ్చేసినట్టు కాదు. మనవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. మన దేశంలో లాగా బెర్త్ నంబరు దానంతటదే రాదు. మూడు సీట్లూ ఒకే చోట తీసుకో. ప్లాట్‌ఫాం మీద ఎ, బి, సి అని బోర్డులు వేలాడుతుంటాయి, మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో పైన తెర మీద వస్తుంది. పది నిమిషాలు ముందే ఆ అక్షరం కింద నిలబెట్టు. రైలు ఆగేది కాసేపే. మోకాళ్ల నొప్పితో ప్లాట్‌ఫాం మీద పరిగెత్తకూడదు. ఎక్కించడానికి సాయం కావాలంటే ముందురోజుకల్లా రైల్వేకు చెబితే మనుషులను పెడతారు, డబ్బు తీసుకోరు.

చివరిగా పాస్‌పోర్టులు. చాలా ఓడల్లో ఎక్కగానే పాస్‌పోర్టులు రిసెప్షన్‌లో పెట్టుకుంటారు. దిగే రోజు మర్చిపోకుండా తీసుకోండి. ఆస్ట్రియా నుంచి జర్మనీకి వచ్చే రైళ్లలో పోలీసులు అడుగుతారు.

న్యూరెంబర్గ్ నుంచి:

అందరికీ చాలా చాలా థాంక్స్. 9:40 ఆలోచన మానేశాను. రెండు సందేహాలు. ఆ రాత్రి బుడాపెస్ట్‌లో ఉండాలా, సాయంత్రం రైలుకు వియన్నా వెళ్లి అక్కడ ఉండాలా? అమ్మ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా?

లింట్స్ నుంచి:

బుడాపెస్ట్‌లోనే ఉండు. ఓడ ఆలస్యమైనా ఆ రాత్రికి చేరితే చాలు. ఫోవామ్ టేర్ అనే కూడలి చుట్టుపక్కల గది చూడు. చాలా ఓడలు ఆ దగ్గర్లోనే ఆగుతాయి, అక్కడి నుంచి కెలెటికి నాలుగో నంబరు మెట్రో నేరుగా వెళుతుంది, కొత్త లైను కాబట్టి లిఫ్టులున్నాయి. హంగరీలో యూరో కాదు, ఫోరింట్. కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. గది రద్దు చేసుకునే వీలున్నదే తీసుకో, పది యూరోలు ఎక్కువైనా సరే. రైలు టికెట్ కూడా ఆ మర్నాటిది, మధ్యాహ్నం రైలుది కొను.

కుక్కర్ వద్దు. గదుల్లో వేడి చేసే వస్తువులేవీ పెట్టనివ్వరు, నిప్పు భయం. బుక్ చేసేటప్పుడే శాకాహారం అని రాయించు, గుడ్డు, చేప కూడా వద్దని విడిగా రాయించు. ఇక్కడ చేప తినేవాళ్లను కూడా కొందరు శాకాహారులే అనుకుంటారు. అన్నం రోజూ అడిగితే పెడతారు. అత్తయ్య గోంగూర, కందిపొడి పట్టుకెళ్లి వారం వెళ్లదీశారు. అమ్మ ఊరి నుంచి వచ్చేటప్పుడు నెయ్యి, పాలకోవా మాత్రం తేవద్దని చెప్పు, పాలతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు. విమానాశ్రయంలో తీసి పారేస్తే ఆవిడ మనసు పాడవుతుంది. నెయ్యి ఇక్కడే కొని చిన్న సీసాలో పోసివ్వు.

మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా, వాహావ్ లోయ దాటేటప్పుడు ఎవరూ గదిలో ఉండకండి. ముప్పై కిలోమీటర్లు పైచిలుకు, రెండు పక్కలా ద్రాక్షతోటలు, పాత కోటలు, నీలం గోపురంతో డ్యూర్న్‌స్టైన్ చర్చి. నాన్నగారిని ఎడమ ఒడ్డు వైపు కూర్చోబెట్టు.

మీ ఓడ లింట్స్‌లో ఆగితే తేదీ నాకు రాయి. రేవు మా ఇంటికి ట్రాములో పదిహేను నిమిషాలు. అన్నం, చారు, బీరకాయ పచ్చడి క్యారేజీలో తెస్తాను, అమ్మతో చెప్పు.