అప్‌డేట్: నాది కాని ఆసుపత్రి అప్పు – వసూలు ఫోన్లు ఆగిపోయాయి

బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్న నాకు, ఎవరి చికిత్సకో తీసుకున్న వైద్య రుణం కట్టమంటూ వసూలు ఏజెంట్లు ఫోన్లు చేస్తున్నారని ఇక్కడ అడిగాను. ఆ వ్యవహారం తేలింది. ఫోన్లో వాదించక, రుణ ఒప్పందం నకలును రాతపూర్వకంగా అడగమన్న సలహాయే పనిచేసింది, అందుకు కృతజ్ఞతలు. నకలులో పేరూ ఇంటిపేరు పొడి అక్షరమూ నావే గానీ, పుట్టిన సంవత్సరమూ పాన్ నంబరూ వేరు. ఫొటోలో ఉన్నది నాకంటే 20 ఏళ్లు పెద్దాయన, పాపం. ఆ తేడాలు చూపుతూ రుణ సంస్థ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పంపాక, పొరపాటు ఒప్పుకుంటూ లేఖ ఇచ్చారు. నా సిబిల్ నివేదికలో (అప్పుల చరిత్ర చూపే నివేదిక) చేరిన ఆ రుణంపై విడిగా అభ్యంతరం నమోదు చేయవలసి వచ్చింది. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు రూ.100 పరిహారమన్న రిజర్వ్ బ్యాంక్ నిబంధన అవసరం పడకుండానే తొలగించారు. పోలీసు ఫిర్యాదు, సిమ్ మార్పు అక్కరలేకపోయాయి.