కొత్తపట్నం బీచ్‌లో కొలిచిన అల వేగం, సూత్రంతో వచ్చే వేగం కలవడం లేదు

ఇంటర్ ఫిజిక్స్ ప్రాజెక్టు కోసం ఒంగోలు దగ్గరి కొత్తపట్నం బీచ్‌లో అలల వేగం కొలుస్తున్నాం. అలలు వచ్చే దిశలోనే 10 మీటర్ల దూరంలో రెండు సరుగుడు కర్రలు పాతాం. నీళ్లు కాస్త నిలకడగా ఉన్నప్పుడు లోతు బయటి కర్ర దగ్గర 1.1, లోపలి కర్ర దగ్గర 0.9 మీటర్లు. సగటు 1 మీటరు అనుకున్నాం.

తక్కువ లోతు నీళ్లలో అల వేగం అంటే గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం తీయాలి కదా. అలా 3.13 మీ/సె. వస్తుంది. కానీ అల శృంగం (అల పైకొస) ఒక కర్ర నుంచి రెండో కర్రకు దాదాపు 2.5 సెకన్లలో చేరుతోంది, అంటే 4 మీ/సె. ఆవర్తన కాలం, అంటే ఒక శృంగం తర్వాత ఇంకో శృంగం రావడానికి పట్టే సమయం, 8 సెకన్లు. దాన్ని బట్టి తరంగదైర్ఘ్యం (రెండు వరుస శృంగాల మధ్య దూరం) 32 మీటర్లు వస్తోంది, సూత్రం ప్రకారం 25 ఉండాలి.

స్టాప్‌వాచ్ మీద అనుమానంతో ఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేముల వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టాం, మార్పు లేదు. టేపు సరిగానే ఉంది. అలలు ఏటవాలుగా వస్తే వేగం ఎక్కువ కనిపిస్తుందని ఒక సార్ అన్నారు గానీ, ఇక్కడ అలలు ఒడ్డుకు నేరుగానే వస్తున్నాయి. ప్రవాహమేమోనని కొబ్బరికాయ వేసి చూస్తే అది అక్కడక్కడే ఊగింది. (తర్వాత ఎవరో పిల్లలు ఎత్తుకుపోయారు, అది వేరే సంగతి.)

అల ఎత్తు, ద్రోణి (అల అడుగు భాగం) నుంచి శృంగం దాకా, సుమారు 0.6 మీటర్లు. దాన్ని లోతుకు కలిపి 1.6 వేస్తే 3.96 వస్తోంది! ఇది కాకతాళీయమా, లేక విరగబోయే అలలకు నిజంగానే లోతుకు ఎత్తు కూడా కలిపి లెక్క వేయాలా?