పిల్లలకి బియ్యం కడగడం నేర్పేటప్పుడు ఎన్ని నీళ్లు పోయమని చెప్పాలి?

కూకట్‌పల్లి_అమ్మ:
అందరికీ నమస్తే అండి. మా బాబుకి పదకొండేళ్లు, ఈ వేసవి సెలవుల్లో వాడికి అన్నం వండడం నేర్పిద్దామని మొదలుపెట్టా. మా అమ్మ నాకు నేర్పినట్టే మూడు నీళ్లు పోసి, నీళ్లు తేటపడేదాకా కడగమన్నా. రెండో రోజే మా మరిది వచ్చాడు, చూసి "వదినా, అన్నిసార్లు కడిగితే బలం అంతా సింకులోకే పోతుంది, ఒక్కసారి కడిగి ఎసట్లో వేసెయ్యమను" అన్నాడు. ఇంక మావాడు ఊరుకుంటాడా, వాళ్లక్కది పాత ఆరో తరగతి ఎన్సీఈఆర్టీ సైన్స్ పుస్తకం అటకమీంచి తీయించి మరీ చూపించాడు, బియ్యం పప్పులు పదే పదే కడిగితే కొన్ని విటమిన్లు, ఖనిజాలు పోవచ్చని నిజంగానే ఉంది అందులో. ఇప్పుడు "అమ్మమ్మ మాట వినాలా, పుస్తకం మాట వినాలా" అని అడుగుతున్నాడు. నా మటుకు నాకు బాగా కడగాల్సిందే అనిపిస్తుంది. మీ ఇళ్లల్లో పిల్లలకి ఏం చెప్తున్నారు?

సైన్స్_టీచర్:
మీ మరిదిగారు చెప్పింది కరెక్టే అమ్మా. బి1 విటమిన్ నీళ్లలో కరిగిపోతుంది, అది ఉండేది కూడా ఎక్కువగా గింజ పైపొరలో, తవుడులో. మిల్లులో ఎటూ చాలావరకు పోయింది, మిగిలిన కాస్తా మనం రుద్ది రుద్ది కడిగి పారబోస్తున్నాం. ఇది మనకి కొత్త గొడవ కాదు, బ్రిటిష్ వాళ్ల కాలంలో మన సర్కారు జిల్లాల్లోనే, అంటే కోస్తాంధ్ర వైపు, బి1 తక్కువై బెరిబెరి అనే జబ్బు వచ్చేది, పక్కన తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం తినేవాళ్లకి అంత లేదు, ఎందుకంటే వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలో ఉన్న బి1 గింజ లోపలికి దిగుతుంది, తర్వాత మిల్లు ఆడించినా కడిగినా అంతగా పోదు. మనవాళ్లు పచ్చి బియ్యమే తెల్లగా ఆడించుకుని తినేవాళ్లు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూశారా, అది 1918లో కూనూరులో మొదలైందే బెరిబెరి మీద పరిశోధనకి, 1958లో హైదరాబాద్ వచ్చింది. అందుకని నేను మా స్కూల్ పిల్లలకి చెప్పేది ఒక్కటే, ఒకటి రెండు నీళ్లు చాలు, రుద్దొద్దు, తేటపడేదాకా అని అస్సలు పెట్టుకోవద్దు. ఆ తెల్లదనం మురికి కాదు, పిండి.

బందరు_బామ్మ:
మాస్టారూ, మీరు చెప్పిన బలం సంగతి నేను కాదనను. కానీ మా ఇంట్లో బియ్యం పొలం నుంచి వస్తాయి, ఏడాదికి సరిపడా డ్రమ్ముల్లో పోసి పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలుపుతాం. కొందరు ఆముదం పట్టిస్తారు, కొందరు వేపాకు వేస్తారు, కానీ మా వైపు చాలా ఇళ్లల్లో బోరిక్ పౌడరే. ఒక్క నీళ్లతో సరిపెట్టమని పిల్లలకి నేర్పితే వాళ్లు రేపు మా ఇంటికొచ్చి ఆ బియ్యం కూడా ఒక్క నీళ్లకే వండుకుతింటారు. అది కడుపులోకి వెళ్లాల్సింది కాదు కదండీ. నాలుగు నీళ్లు పొయ్యాల్సిందే, పోతే పోనీండి విటమిన్లు, కూరలో పప్పులో తెచ్చుకుందాం.

హాస్టల్_వంట:
నేనైతే అసలు కడగను. సార్టెక్స్ ప్యాకెట్ బియ్యం, రాయి లేదు మట్టి లేదు, డైరెక్ట్‌గా కుక్కర్లో వేసేస్తా. పైగా మా ఏరియాలో ట్యాంకర్ నీళ్లు.

కూకట్‌పల్లి_అమ్మ:
బాబూ, సార్టెక్స్ అంటే రంగు మారిన గింజల్ని, రాళ్లని మెషిన్ ఏరేస్తుంది అంతే, గింజని కడగదు. ఆ ప్యాకెట్ మిల్లు నుంచి గోడౌన్, అక్కణ్ణించి షాపు, ఎన్ని చేతులు మారి వస్తుందో, లోపల సన్న దుమ్ము ఉంటుంది. కనీసం ఒక్కసారైనా కడుక్కోండి. నీళ్ల సంగతంటారా, మేం ఆ కడుగునీళ్లు బకెట్లో పట్టి కరివేపాకు కుండీకి పోస్తున్నాం.

ఓరుగల్లు_రైతుబిడ్డ:
మా ఊళ్లె ఇంకో కథ అక్కా. రేషన్ బియ్యం కడిగేటప్పుడు కొన్ని గింజలు పైకి తేలేటివి, రంగు కూడా కొంచెం తేడా, మా అమ్మ వాటిని ఏరి ఏరి బయట పారేసేది, ప్లాస్టిక్ బియ్యం కలిపిండ్రు అని ఊరంతా ఒకటే మాట. నేను కూడా చిన్నోళ్లకు గదే చెప్పిన, తేలినయి తీసి పడెయ్యమని. తర్వాత అంగన్‌వాడి టీచర్ చెప్తే తెలిసింది, అవి ఫోర్టిఫైడ్ గింజలు, బియ్యం పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మిషన్ల బియ్యం గింజ లెక్క చేసి, వంద కిలోలకు ఒక కిలో కలుపుతరట. 2021 ఆగస్టు 15 నాడు ప్రధాని ఎర్రకోట మీద చెప్పింది గదే, 2024 కల్లా సర్కారు పథకాల బియ్యం అంతా ఇట్లనే ఇస్తమని. అంటే రక్తం తక్కువున్నోళ్ల కోసం కలిపిన గింజల్నే మేము ఏరి కోళ్లకు ఏసినం. మా చెల్లెకు రక్తం తక్కువని గోలీలు కొనుక్కొచ్చుకుంట, ఇంట్ల ఇది పారబోసుకుంట. నాకు ఇప్పటికీ మనసుల కొడతది. అందుకే పిల్లలకు నేర్పేటప్పుడు ఎన్ని నీళ్లు అనేది తర్వాత, తేలేది ఏంది అన్నది ముందు చెప్పాలె. పొట్టు తేలుతది, పురుగు తేలుతది, ఈ గింజ కూడా తేలుతది. మూడూ ఒకటి కాదు.

సైన్స్_టీచర్:
తమ్ముడూ, చాలా మంచి మాట చెప్పావ్. వచ్చే నెల బడి తెరవగానే మా పిల్లలకి ఆ మూడూ గ్లాసులో వేసి చూపిస్తా. బామ్మగారూ, బోరిక్ సంగతి నాకు తట్టలేదు, మీ మాటకి ఒప్పుకుంటున్నా. అది కలిపిన బియ్యానికి నా ఒకటి రెండు నీళ్ల లెక్క పనికిరాదు. మామూలు బియ్యానికి మాత్రం నా మాట మీదే ఉన్నా.

డల్లాస్_నాన్న:
మా దగ్గర ఇంకో తిరకాసు. అమెరికన్ స్టోర్లో దొరికే తెల్ల బియ్యం చాలావాటికి విటమిన్లు పైన పట్టిస్తారు, ఆ బస్తా మీదే కడగొద్దు, వార్చొద్దు అని రాసి ఉంటుంది. ఇండియన్ షాపులో తెచ్చే సోనా మసూరికి ఆ గొడవ లేదు. మా పాప సోనా మసూరి డబ్బాలో బియ్యం కడుగుతుంది, అమెరికన్ బియ్యం డబ్బాలోవి కడగదు. ఇక్కడ బియ్యంలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉంటుందన్న భయం కూడా ఉంది కాబట్టి చదివా, అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు 2016లో చెప్పిందేంటంటే కడిగినందువల్ల ఆర్సెనిక్ పెద్దగా తగ్గదు, ఒకటికి ఆరు నుంచి పది వంతుల నీళ్లు పోసి ఉడికించి వార్చేస్తే 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుంది, కానీ ఆ పట్టించిన విటమిన్లు కూడా గంజితో పోతాయి. మా నాయనమ్మ గంజి వార్చేది, ఆ గంజిలో ఉప్పేసి మాకే తాగించేది, అదంతా గుర్తొచ్చింది.

బందరు_బామ్మ:
ఎన్ని నీళ్లు ఎన్ని నీళ్లు అని ఇంతసేపూ కొట్టుకున్నాం గానీ చెయ్యి ఎలా పెట్టాలో ఎవరూ చెప్పలేదు. మా రోజుల్లో బియ్యంలో రాళ్లుండేవి, చేటలో చెరిగి, ఏరి, ఆపైన గాలించేవాళ్లం. అంటే గిన్నెలో నీళ్లు పోసి తిప్పుతూ, నీళ్లతోపాటు బియ్యం కొంచెం కొంచెంగా ఇంకో గిన్నెలోకి వంచుతుంటే ఆఖర్న అడుగున గుప్పెడు గింజలు, వాటి కింద ఇసక మిగిలేది, ఆ గుప్పెడు కళ్లు పెట్టుకుని ఏరాలి. ఇప్పుడా రాళ్లు లేవు, అంత పని లేదు. కానీ నీళ్లు వంచేటప్పుడు ఎడమ చెయ్యి గిన్నె అంచుకి ఆనించి, వేళ్లు దగ్గరగా పెట్టి అడ్డంగా పట్టాలి, పిల్లలు వేళ్లు ఎడంగా పెడతారు, సందుల్లోంచి బియ్యం జారిపోతాయి. గిన్నె ఒక్కసారిగా ఒంపకూడదు. అడుగున రెండు వేళ్ల ఎత్తు నీళ్లు ఉండగానే ఆపెయ్యమని చెప్పండి, మిగతావి రెండోసారి పోతాయి. గింజని పిసకకూడదు, నలిగి నూకైపోతుంది, అన్నం ముద్దవుతుంది. చేత్తో నీళ్లలో గుండ్రంగా కలిపితే చాలు. మా మనవరాలికి ఏడో ఏట చెయ్యి ఎలా పెట్టాలో అదొక్కటే వారం రోజులు నేర్పా, బియ్యం లేకుండా కందిపప్పుతో ముందు, అది పెద్ద గింజ కాబట్టి జారదు.

కూకట్‌పల్లి_అమ్మ:
బామ్మగారూ, ఇవాళ పొద్దున అలాగే చేయించా అండి. మావాడు వేళ్లు ఎడంగానే పెట్టాడు, చారెడు బియ్యం సింకులో. ఏడుపు మొహం పెట్టాడు, పర్లేదురా అని జాలీలోంచి ఎత్తించి పిట్టలకి బాల్కనీలో వేయించా. రెండోసారి అంచుకి చెయ్యి సరిగ్గా ఆనించాడు, ఒక్క గింజ పోలేదు. నీళ్లు వంచే ముందు వాణ్ణి చూడమన్నా, మూడు వడ్లగింజలు, ఒక ముక్కుపురుగు తేలాయి, పురుగుని చూసి భయపడలేదు గానీ "ఇన్నాళ్లూ ఇవి మనం తిన్నామా" అని అడిగాడు.

నేను మొదట బాగా కడగాల్సిందే అన్నా కదా, ప్యాకెట్ బియ్యం విషయంలో మాత్రం ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా, మూడోసారి అక్కర్లేదు. కానీ మా అమ్మ ఊరి నుంచి పంపే బస్తాకి ఫోన్ చేసి అడిగితే "అవునే, బోరిక్ కలిపా, నీకు చెప్పలేదా" అంది! పన్నెండేళ్లుగా ఆ బియ్యమే తింటున్నాం, మూడు నీళ్లు పోయడం ఎందుకో నాకే తెలీకుండా పోస్తూ వచ్చా. మావాడు స్కెచ్ పెన్ తీసుకుని రెండు డబ్బాల మీదా కాగితం అంటించాడు. షాపు డబ్బా మీద "2 నీళ్లు, పిసకొద్దు". అమ్మమ్మ డబ్బా మీద "మందు ఉంది, 4 నీళ్లు". సాయంత్రం మా మరిది వస్తాడు, ముందు ఆ డబ్బా చూపిస్తా.